బీజగణితం మనకూ పనికొస్తుంది
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జగిత్యాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. దానిపై మాట్లాడడానికి నాకంటే తెలిసినవారు ఈ సభలో ఉన్నారు. నాకు అప్పగించిన విషయం బీజగణితం. ఈ సంగతి తెలిసి మా మిత్రుడొకరు నవ్వారు. "మోకాళ్ల నొప్పుల మీద మాట్లాడితే పదిమంది వింటారు గాని, ఏ ప్లస్ బి మీద మాట్లాడితే ఎవరు వింటారయ్యా" అన్నారు. వింటారనే నా నమ్మకం. కారణం చివరికి మీకే తెలుస్తుంది.

నేను లెక్కల మాస్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో ఫైళ్లు రాసి, 2008లో రిటైరైన మామూలు మనిషిని. డెబ్బయి నాలుగో ఏడు నడుస్తోంది. రిటైరైన తరువాత సాయంత్రాలు కొందరు పిల్లలకు, కొందరు పెద్దలకు బీజగణితంలో మొదటి మెట్టు వరకు చెబుతున్నాను. ఆ అనుభవమే మీ ముందు పెడుతున్నాను.

మన తరం వారికి గుర్తుండే ఉంటుంది. హైస్కూల్లో జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అని రెండు దారులుండేవి. జనరల్ తీసుకున్నవారికి బీజగణితం రుచి పెద్దగా తగల్లేదు. మన సభ్యులలో అటువంటివారు చాలామందే ఉన్నారు. మనకు ముందు తరం వారు నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. సిరిసిల్లలో చదువుకున్న సినారె గారు ఆ తరం వారే. వారికి ఇది బీజగణితం కాదు, జబ్ర్ ఓ ముఖాబలా. పేరు ఏదైనా భయం మాత్రం ఒక్కటే. లెక్కల్లోకి అక్షరం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం పిల్లవాడు పుస్తకం మూసే ఉంచుతాడు.

చాట మీది గుడ్డ

కోరుట్లలో బీడీలు చేసే ఒక తల్లి తన కూతురును నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆ పిల్ల పదో తరగతిలో అన్నీ పాసై లెక్కల్లో తప్పింది. "సారూ, సప్లిమెంటరీల గూడ తప్పితే ఇది గూడ నా పక్కనే చాట ముందట ఏసుకొని కూసుంటది. నా నడుము ఇరిగింది చాలదా" అన్నది ఆ తల్లి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాడల్లో ఈ మాట ఎన్ని ఇళ్లలో వినబడుతుందో మీకు తెలుసు.

ఆ పిల్ల నన్ను మొదట అడిగిన ప్రశ్న, "తాతా, ఎక్స్ అంటే ఏంది?" అని. నేను పుస్తకం తెరవలేదు. వాళ్ల అమ్మ చాటనే తెప్పించాను. చాటలో కొన్ని బీడీ కట్టలు పెట్టి గుడ్డ కప్పాను. గుడ్డ పక్కన 5 కట్టలు పెట్టాను. "బిడ్డా, మొత్తం 17 కట్టలున్నయి. గుడ్డ కింద ఎన్ని?" అన్నాను. "పన్నెండు" అని టక్కున చెప్పింది. "నువ్విప్పుడు చేసింది బీజగణితమే. గుడ్డ కింద ఉన్న సంఖ్యకే ఎక్స్ అని పేరు" అన్నాను.

అచ్చులో సౌకర్యంగా ఉండేందుకు ఎక్స్ బదులు 'య' అని రాస్తాను. అట్లా రాయడానికి పాత ఆధారమే ఉంది, తరువాత చెబుతాను. ఇప్పుడు ఆ లెక్క ఇట్లా అవుతుంది:

య + 5 = 17
య = 17 - 5 = 12

తరువాత ఒకే సంఖ్యలో కట్టలున్న రెండు చాటలు పెట్టి, రెంటి మీదా గుడ్డ కప్పి, పక్కన 3 కట్టలు పెట్టాను. మొత్తం 15. అంటే 2య + 3 = 15. ముందు పక్కనున్న 3 తీసేస్తే 12 మిగులుతాయి. అవి రెండు చాటలకు సమానంగా పోవాలి కాబట్టి య = 6. గుడ్డ తీసి లెక్కపెట్టుకుంది. ఆరే ఉన్నాయి. జవాబు వచ్చాక గుడ్డ తీసి చూసుకోవడం, అంటే జవాబును మళ్లీ లెక్కలో పెట్టి సరిచూసుకోవడం, ఆ రోజే ఆమెకు అలవాటైంది. రెండుసార్లు ఆరు పన్నెండు, మూడు కలిపితే పదిహేను. సరిపోయింది. ఇక మాస్టరు టిక్కు పెట్టవలసిన పని లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు చెప్పేటప్పుడు 'మ అంటే మామిడిపండు' అని తేలిక చేస్తారు. అది మొదట తీపిగానే ఉంటుంది, తరువాత చిక్కు తెస్తుంది. అక్షరం వస్తువుకు పేరు కాదు, సంఖ్యకు పేరు. మన చల్గల్ మార్కెట్లో మామిడి క్వింటాలు ధర మ రూపాయలైతే 5 క్వింటాళ్లకు 5మ రూపాయలు. ఇక్కడ మ అంటే కాయ కాదు, ధర. ఆ ధర ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఇంకొకటి. మారుతూ ఉంటుంది కనుకనే దానిని చరరాశి అన్నారు. ఆ 5 మారదు, అది స్థిరరాశి. 5మ, 2మ కలిపితే 7మ అవుతుంది. ఎందుకంటే రెండూ ఒకే ధర మీద నడిచేవి, సజాతి పదాలు. 5మ, 2 కలిపితే మాత్రం 7మ కాదు. 5మ + 2 గానే ఉంచాలి.

తరాజు న్యాయం

సమీకరణంలో ఉండే రెండు చిన్న గీతలు తరాజు ముల్లు వంటివి. ముల్లు నడుమ నిలబడి ఉన్నదంటే రెండు పళ్లాలూ సమానం. ఒక పళ్లెంలో నుంచి ఏది తీసినా, రెండో పళ్లెంలో నుంచి అంతే తీయాలి. ఒకదానిలో వేస్తే రెండోదానిలో అంతే వేయాలి. బీజగణితంలో ధర్మం ఇదొక్కటే, తక్కినదంతా దాని పిల్లలే.

బడిలో పిల్లలకు ఒక మంత్రం నేర్పుతారు. 'అటు పోతే గుర్తు మారుతుంది' అని. పక్షాంతరం అని దాని పేరు. మంత్రం నిజమే గాని, అర్థం తెలియకపోతే ఎక్కడ పడితే అక్కడ చదువుతారు. 3య = 12 అన్నచోట కూడా 3ను అవతలికి పంపి మైనస్ 3 చేస్తారు. య = 9 అంటారు. తరాజు గుర్తుంచుకున్న పిల్ల అట్లా చేయదు. మూడు సమాన చాటలు కలిసి 12 అయితే ఒక్కొక్కటి నాలుగే కదా. రెండు వైపులా మూడుతో భాగించాలి. కలిపి ఉన్నది తీసివేతతో విడిపోతుంది, గుణించి ఉన్నది భాగహారంతో విడిపోతుంది.

అప్పు, ఆస్తి

రెండో విద్యార్థి సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే కార్మికుడు. నలభై ఏళ్లవాడు. ఏడో తరగతిలోనే బడి మాని సాంచ పట్టాడు. ఓపెన్ స్కూల్ ద్వారా పది పాసు కావాలని ఆయన కోరిక. మైనస్ గుర్తు చూస్తే ఆయనకు చెమటలు. కాని ఆయన జీవితమంతా మైనస్‌తోనే నడిచింది. సేటు దగ్గర తీసుకున్న అడ్వాన్సు, వారం వారం కోత, ఇవన్నీ మైనస్‌లే.

బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ సంఖ్యలను ధనం, ఋణం అనే మాటలతోనే చెప్పాడు. ఆస్తి ఒకటి, అప్పు ఒకటి. నేటికీ మన తెలుగు పుస్తకాల్లో ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అనే మాటలే ఉన్నాయి. ఆ మాటల అర్థం పట్టుకుంటే సగం భయం పోతుంది. చేతిలో 500 ఉండి 800 అప్పుంటే నీ స్థితి మైనస్ 300.

అందరూ జంకే చోటు, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎట్లా అవుతుందన్నది. ఆయనకు ఇట్లా చెప్పాను. "వారానికి 200 చొప్పున కోత, అంటే మైనస్ 200. సేటు మూడు వారాల కోత మాఫీ చేసిండనుకో. మూడు కోతలు తీసేసినట్టు, అంటే మైనస్ 3. అప్పుడు నీకు లాభమా, నష్టమా?" ఆయన నవ్వి, "ఆరు వందలు మిగిలినట్టే గద సార్" అన్నాడు. (-3) × (-200) = +600. అప్పును తీసేయడం ఆస్తిని చేర్చడమే.

ఇక వారపు కూలీ లెక్క. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. మీటరుకు 2 రూపాయల చొప్పున కూలీ, వారానికి 300 బాకీ కింద కోత, చేతికి వచ్చింది 2,100. ఎన్ని మీటర్లకు లెక్క కట్టినట్టు?

2య - 300 = 2100
2య = 2100 + 300 = 2400
య = 1200

తాను నేసింది 1,200 మీటర్లా, అంతకంటే ఎక్కువా అన్నది తన పుస్తకంలో రాసుకున్నదానితో పోల్చుకోవచ్చు. ఆ మనిషి ఓపెన్ స్కూల్ పరీక్షకు కూర్చోలేకపోయాడు. రాత్రి షిఫ్టులు ఆయనను చదవనివ్వలేదు. కాని ఇప్పటికీ ప్రతి వారం కూలీ లెక్క తానే కట్టుకుంటాడు, పక్క సాంచాల వారికీ కట్టిపెడతాడు. సర్టిఫికెట్టు రాలేదు గాని విద్య వచ్చింది.

మాటను లెక్కగా రాయడం

పిల్లలు తప్పేది సమీకరణం సాధించే దగ్గర తక్కువ, మాటల్లో ఉన్నదాన్ని సమీకరణంగా రాసే దగ్గర ఎక్కువ. ఒక్క ఉదాహరణ చెబుతాను, మీరూ మనసులో రాసి చూడండి. ఒక షెడ్డులో ఒక్కొక్క కార్మికుడు 8 సాంచాలు చూసుకుంటాడు. సాంచాల సంఖ్య స, కార్మికుల సంఖ్య క. వీటి సంబంధం ఏమిటి?

చాలామంది 8స = క అని రాస్తారు. 'ఎనిమిది సాంచాలకు ఒక కార్మికుడు' అని మాట నడిచిన వరుసలోనే కలం నడుస్తుంది. అది సరికాదు. ఇద్దరు కార్మికులుంటే సాంచాలు 16 కావాలి. 8స = క లో స బదులు 16 వేస్తే కార్మికులు 128 మంది అవుతారు! సరైనది స = 8క. ఎక్కువ ఉన్నదానికి సమానం కావాలంటే తక్కువ ఉన్నదానినే గుణించాలి. అనుమానం వచ్చినప్పుడల్లా ఒక చిన్న సంఖ్య వేసి చూస్తే చాలు, తప్పు తానే బయటపడుతుంది.

కోరుట్ల పిల్లకు ఇచ్చిన లెక్క ఇది. తల్లి, అక్క కలిసి రోజుకు 1,400 బీడీలు చేశారు. తల్లి అక్క కంటే 200 ఎక్కువ చేసింది. ఎవరెన్ని? అక్క చేసినవి య అనుకుంటే తల్లివి య + 200. రెండూ కలిపి 2య + 200 = 1400. కనుక య = 600, తల్లి 800. ఇందులో అసలు విద్య 'అక్క చేసినవి య అనుకుందాం' అని ధైర్యంగా మొదటి వాక్యం రాయడంలోనే ఉంది. తెలియనిదానికి ఒక పేరు పెట్టి, తెలిసినదానిలాగే దానితో వ్యవహరించడం. మనం ఆఫీసుల్లో చేసిందీ అదే కదా, దొరకని కాగితానికి కూడా ఒక నంబరు వేసి ఫైలు నడిపాము!

ఆ పిల్ల సప్లిమెంటరీలో పాసై ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. చాట ఇంకా ఇంట్లోనే ఉంది, తల్లి ముందు.

పెన్షన్ కాగితం చదవడం

ఇక మన సంగతి. మన పెన్షన్ లెక్క కూడా ఒక బీజగణిత సూత్రమే. చివరి జీతంలో సగం, దానిని అర్హమైన సర్వీసు అర్ధ సంవత్సరాలతో గుణించి 66తో భాగించాలి. 33 ఏళ్ల పూర్తి సర్వీసు అంటే 66 అర్ధ సంవత్సరాలు. జీతం జ, అర్ధ సంవత్సరాలు న, పెన్షన్ ప అనుకుంటే:

ప = (జ × న) ÷ 132

ఒక అటెండరు మిత్రుడు తన కాగితం తెచ్చి చూపించాడు. అంకెలు గుండ్రం చేసి చెబుతున్నాను. జీతం 13,200. కలపవలసినవన్నీ కలిపి సర్వీసు 28 సంవత్సరాల 4 నెలలు. పెన్షన్ 5,600 అని వేశారు. "సరిగ్గనే ఉన్నదా సార్" అని అడిగాడు. మామూలుగా అయితే 'ఆఫీసువాళ్లు వేసింది తప్పు పోతుందా' అని పంపించేస్తాం. నేను సూత్రాన్ని తిప్పి రాశాను.

న = (ప × 132) ÷ జ = (5600 × 132) ÷ 13200 = 56

అంటే వాళ్లు 28 ఏళ్లే లెక్కించారు. ఆ 4 నెలలు వదిలేశారు. మూడు నెలలు, ఆపైన ఉన్న భాగాన్ని ఒక అర్ధ సంవత్సరంగా తీసుకోవాలి కనుక న 57 కావాలి. పెన్షన్ 5,700 కావాలి. తేడా నెలకు 100 రూపాయలు, దాని మీద కరువు భత్యం, ఆయన తరువాత భార్యకు వచ్చే కుటుంబ పెన్షన్‌కు కూడా మూలమైన కాగితం అది. మూడు పంక్తుల అర్జీ రాశాము. వెనుక ఈ లెక్క జతచేశాము. కొన్ని నెలలు తిరగవలసి వచ్చింది గాని సవరణ అయింది, బకాయీ వచ్చింది. ఏ ఆఫీసు అని అడగవద్దు, అక్కడ కూర్చున్నదీ మనలాంటి గుమస్తాయే. చెప్పవచ్చేదేమంటే, 'నాకు తక్కువ వచ్చినట్టుంది' అన్న అర్జీకీ, 'మీరు 57కు బదులు 56 తీసుకున్నారు' అన్న అర్జీకీ చాలా తేడా ఉంది. మొదటిది మొర, రెండోది లెక్క. నకారా తీర్పు మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు పూర్తిగా అందిందో లేదో చూసుకునే పని మనదే.

మన పాత పుస్తకాలు

ఇది పరాయి విద్య అనుకోకండి. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో బీజగణితం అనే పేరుతోనే గ్రంథం రాశాడు. తెలియని రాశికి యావత్తావత్ అని పేరు, పొట్టిగా 'యా'. ఇంకొకటి కావాలంటే కాలకం, ఇంకొకటి నీలకం, ఇంకొకటి పీతకం. నలుపు, నీలం, పసుపు. రంగు నూలు చూసిన సిరిసిల్ల పిల్లలకు ఇంతకంటే తేలికైన పేర్లు ఏమున్నాయి! నేను 'య' రాసిన ఆధారం ఇదే. ఎక్స్ అనే అక్షరాన్ని వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు డెకార్ట్, 1637లో.

అంతకుముందు, తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. మన వేములవాడను ఏలిన చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే. ఆ సంస్కృత గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితము పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రగ్రంథాలకు తొలిమెట్టు ఒక లెక్కల పుస్తకం కావడం మనం గర్వించదగిన విషయం. ఇక జబ్ర్ అనే అరబ్బీ మాట. తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులో నుండి వచ్చింది. విరిగినదాన్ని మళ్లీ అతకడం అని దాని అర్థం. తీసివేతలో ఉన్నదాన్ని అవతలికి చేర్చి పూర్తి చేయడమే జబ్ర్. రెండు వైపులా ఉన్న సమాన భాగాలను ఎదురెదురుగా నిలిపి కొట్టివేయడమే ముఖాబలా. మన పక్షాంతరం, మన తరాజు న్యాయం, రెండూ ఆ పేరులోనే ఉన్నాయి.

అభ్యాసం ఎట్లా చేయాలి

లెక్క చూస్తే రాదు, చేస్తే వస్తుంది. ఇప్పుడు ఫోనుకు చూపిస్తే జవాబు చెప్పేస్తుంది. అది జవాబు ఇస్తుంది గాని చేతికి పట్టు ఇవ్వదు. రోజుకు ఐదు లెక్కలు చాలు, అరగంట మించనక్కరలేదు. ఒక పంక్తి కింద ఒక పంక్తి, సమాన గుర్తులు ఒకదాని కింద ఒకటి వచ్చేటట్లు రాయాలి. ప్రతి జవాబూ మళ్లీ లెక్కలో వేసి సరిచూసుకోవాలి. తప్పిన లెక్కను రబ్బరుతో తుడిపించకండి. పక్కన మళ్లీ చేయించండి, ఏ పంక్తిలో దారి తప్పిందో పిల్లవాడే వెతుక్కుంటాడు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక చేసి చూడడానికి ఐదు లెక్కలు:

1. ఒక సంఖ్యకు 9 కలిపితే 31. ఆ సంఖ్య ఎంత?
2. రెండెకరాల భూమిని అన్నదమ్ములు పంచుకున్నారు. అన్నకు తమ్ముని కంటే 10 గుంటలు ఎక్కువ. ఎవరికెన్ని గుంటలు? (ఎకరానికి 40 గుంటలు.)
3. నూటికి నెలకు 2 రూపాయల మిత్తి. పది నెలలకు మిత్తి 3,000 అయింది. అసలు ఎంత?
4. పెన్షన్‌లో నూటికి 40 వంతులు కమ్యూట్ చేసుకోగా నెలకు 9,000 మిగిలింది. మొత్తం పెన్షన్ ఎంత?
5. తాత వయస్సు మనుమని వయస్సుకు ఆరు రెట్లు. మూడేళ్ల తరువాత ఐదు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎవరి వయస్సు ఎంత?

జవాబులు: 22, తమ్మునికి 35, అన్నకు 45 గుంటలు, 15,000, 15,000, మనుమనికి 12, తాతకు 72. జవాబులు ముందే చెప్పాను కనుక లెక్క చేసే దారి మీరు చూపాలి.

చివరగా ఒక విన్నపం. మన మూడు ఊళ్లలో ఇంతమంది సభ్యులం ఉన్నాము. ఖాతాలు రాసినవారం, కొలతలు వేసినవారం, బిల్లులు పాసు చేసినవారం. ఆరో తరగతిలో బీజగణిత పరిచయం మొదలవుతుంది, అక్కడ జారిన పిల్ల పదో తరగతి దాకా జారుతూనే ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు, ఒక గంట చొప్పున, ఒక్కొక్కరం ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టుకుంటే చాలు. కోరుట్ల బీడీ వాడల్లో, సిరిసిల్ల సాంచాల వాడల్లో, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు కొదువ లేదు. ఒక పలక, ఒక చాట, ఒక గుడ్డ ముక్క, ఇంతే ఖర్చు. మరచిపోయినవారికి నాకు తెలిసినంతవరకు నేను గుర్తు చేస్తాను. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత కార్యదర్శి గారి దగ్గర నమోదు చేయించుకోగలరు.